నిర్ణయానికి ముందే వచ్చే నోటీసు: టెక్సస్ స్కూల్ డిస్ట్రిక్టులు, తెలుగు కుటుంబాలు

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, ప్రాస్పర్ వంటి ఊళ్ళలో ఆగస్టు రెండో వారానికల్లా బడులు తెరుస్తారు. ఆ వారంలో పిల్లలున్న ప్రతి ఇంటికీ స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి ఈమెయిళ్ళు వరసగా వచ్చి పడతాయి. బస్సు నంబరు, భోజనం ఖాతాలో డబ్బు వేసే యాప్, టీచరును కలిసే సాయంత్రం, ల్యాప్‌టాప్ పాడైతే కట్టాల్సిన రుసుము, నర్సు దగ్గర వైద్యసేవలకు అంగీకార పత్రం, పీటీఏ (తల్లిదండ్రుల, టీచర్ల సంఘం) సభ్యత్వం. వీటి అడుగున ఒక్కోసారి ఇంకో వాక్యం ఉంటుంది: సోమవారం సాయంత్రం ట్రస్టీల బోర్డు సమావేశం, ఎజెండాలో స్కూల్ జోన్ల సవరణ. పైనున్నవన్నీ వాట్సాప్ గ్రూపుల్లో అరగంటలో చేతులు మారతాయి. చివరి వాక్యాన్ని ఎవరూ ఎవరికీ పంపరు. కొన్ని నెలలకు, వచ్చే ఏడాది నుంచి ఫలానా వీధి పిల్లలు వేరే బడికి వెళ్ళాలన్న ఉత్తరం వచ్చాక, ఎవరినడిగి ఈ పని చేశారన్న చర్చ అదే గ్రూపులో రాత్రి పన్నెండు దాకా నడుస్తుంది. నిజానికి డిస్ట్రిక్ట్ అడిగింది. ఆగస్టులో వచ్చిన ఆ ఒక్క వాక్యంలోనే అడిగింది.

ఈ పొరపాటుకు నిర్లక్ష్యం కారణం కాదు. బడి నుంచి వచ్చే కాగితాన్ని ఎలా చదవాలో తెలుగునాట నేర్చుకున్న అలవాటే ఇక్కడ అడ్డు వస్తోంది. మన దగ్గర బడికి సంబంధించిన కబురు సర్క్యులర్ రూపంలో వస్తుంది. పైన సచివాలయంలోనో కమిషనరేట్‌లోనో నిర్ణయం జరిగిపోయి, జిల్లా విద్యాశాఖాధికారి మీదుగా, మండల విద్యాశాఖాధికారి మీదుగా హెడ్‌మాస్టరు బల్ల మీదికి చేరేసరికి అందులో మార్చడానికి ఏమీ మిగలదు. తెలుసుకుని పాటించడమే తల్లిదండ్రుల వంతు. స్కూల్ డిస్ట్రిక్ట్ అనే మాటను 'విద్యా జిల్లా' అని అనువదించుకోగానే ఈ ఊహ అంతా వెంట వచ్చేస్తుంది. అక్కడి డిస్ట్రిక్టుకూ మన జిల్లాకూ పేరులో తప్ప పోలిక లేదు.

టెక్సస్‌లో పేర్ల చివర ఐఎస్‌డీ అని కనిపించే సంస్థ 'స్వతంత్ర' పాఠశాల డిస్ట్రిక్ట్. నగరపాలక సంస్థకు గానీ కౌంటీకి (రాష్ట్రంలోని పాలనా విభాగం) గానీ లోబడకుండా, తన సరిహద్దులు తనకు, తన పన్ను తనకు, తన పాలక మండలి తనకు ఉన్న స్థానిక ప్రభుత్వం అది. ఫ్రిస్కో ఐఎస్‌డీ కొలిన్, డెంటన్ కౌంటీలు రెండింటిలోనూ ఉంది. ప్లేనో, మెకిన్నీ నగరాల్లో ఇల్లున్న పిల్లలు కూడా కొందరు దాని పరిధిలోకే వస్తారు. సాధారణంగా ఏడుగురు ట్రస్టీలను ఓటర్లు మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఎన్నుకుంటారు. వాళ్ళకు జీతం ఉండదు. వాళ్ళు డిస్ట్రిక్టును నడిపే అధికారి అయిన సూపరింటెండెంటును నియమిస్తారు, బడ్జెట్ ఆమోదిస్తారు, పన్ను రేటు నిర్ణయిస్తారు, జోన్ల గీతలు గీస్తారు, బడి మూయాలో తెరవాలో తేలుస్తారు. మన డీఈవో తనను నియమించిన ప్రభుత్వానికి జవాబుదారీ అయితే, అక్కడి సూపరింటెండెంటు ఈ ఏడుగురికీ, ఈ ఏడుగురూ తమ పక్కింటివాళ్ళకూ జవాబుదారీలు. అందువల్ల ఆ వ్యవస్థలో నోటీసు అనేది చాలాసార్లు నిర్ణయం కంటే ముందు వస్తుంది, ముందే రావాలని చట్టం కూడా చెబుతుంది. 2025 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, సమావేశానికి కనీసం 3 పనిదినాల ముందు ఎజెండా బహిరంగపరచాలి; అంతకుముందు ఈ గడువు 72 గంటలు ఉండేది, అది శని, ఆదివారాల్లోనే కరిగిపోయేది. ఎజెండాలోని అంశం మీద మాట్లాడదలచిన వారికి, బోర్డు దాన్ని చేపట్టే లోపు గానీ చేపట్టినప్పుడు గానీ అవకాశం ఇవ్వాలని 2019లో వచ్చిన చట్టం నిర్దేశిస్తోంది. ముందుగా పేరు నమోదు చేసుకుంటే రెండు మూడు నిమిషాలు దొరుకుతాయి.

ఆ రెండు మూడు నిమిషాలకు పౌరసత్వం అక్కర లేదు. తెలుగు కుటుంబాల్లో చాలామందికి తెలియనిది ఇదే. ట్రస్టీలకు ఓటు వేయాలంటే అమెరికా పౌరులై, ఎన్నికకు 30 రోజుల ముందే ఓటరుగా నమోదై ఉండాలి. హెచ్1బీ వీసా మీదో గ్రీన్‌కార్డు వరసలోనో ఏళ్ళ తరబడి ఉన్నవారికి ఆ హక్కు లేదు. కానీ ఇంటి పన్ను కట్టేది వాళ్ళే, పిల్లలు చదివేది ఆ బళ్ళలోనే. బోర్డు ముందు నిలబడి మాట్లాడడానికి, ప్రిన్సిపాల్‌తో పనిచేసే సలహా కమిటీలో కూర్చోవడానికి, భవనాల భవిష్యత్తును పరిశీలించే కమిటీకి పేరు ఇవ్వడానికి సాధారణంగా వీసా ఆటంకం కాదు. ఓటు లేదు కాబట్టి మాట కూడా లేదనుకోవడం వల్ల, మంచి బడి కోసమే ఇల్లు కొన్న వాళ్ళు ఆ బడి గురించిన నిర్ణయాల దగ్గర మాత్రం కనబడకుండా పోతున్నారు. ఇది బాధ కలిగించే విషయం.

బడి మూసివేతల కథ చూస్తే ఈ మౌనం విలువ ఎంతో తెలుస్తుంది. ప్లేనో ఐఎస్‌డీ బోర్డు 2024 జూన్‌లో రెండు ఎలిమెంటరీ, రెండు మిడిల్ స్కూళ్ళను 2024–25 విద్యాసంవత్సరం చివర మూసివేయాలని నిర్ణయించింది. కొపెల్ ఐఎస్‌డీ అదే ఏడాది డిసెంబరులో పింకర్టన్ ఎలిమెంటరీ విషయంలో అదే నిర్ణయం తీసుకుంది. ఊరు పెరుగుతున్నా బళ్ళలో పిల్లలు తగ్గడానికి కారణాలు దాపరికమేమీ కావు: ఇళ్ళ ధరలు చిన్న పిల్లలున్న కుటుంబాలకు అందనంతగా పెరిగాయి, పాత కాలనీల్లో పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయినా తల్లిదండ్రులు ఇళ్ళు అమ్మలేదు, జననాల రేటూ తగ్గింది. ఈ రెండు చోట్లా నిర్ణయం ఒక్క రాత్రిలో జరగలేదు. ప్లేనోలో స్థానికులతో కూడిన కమిటీ నెలల తరబడి కూర్చుని లెక్కలు చూసి సిఫారసు చేసింది. ఆ నెలల్లో సంగతి తెలుసుకున్న తల్లిదండ్రులకు అడగడానికి ఎన్నో ప్రశ్నలు దొరుకుతాయి. తీర్మానం అయిపోయిన మర్నాడు మేలుకున్నవారికి కొత్త బడి బస్సు వివరాలు మాత్రమే మిగులుతాయి.

డబ్బు విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. టెక్సస్ డిస్ట్రిక్టు వేసే ఆస్తి పన్నులో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి నిర్వహణకు: టీచర్ల జీతాలు, విద్యార్థులకు సలహాలిచ్చే కౌన్సెలర్ల జీతాలు, కరెంటు, డీజిల్ అందులోంచే నడుస్తాయి. రెండోది అప్పు తీర్చడానికి: ఓటర్ల అనుమతితో బాండ్లు అమ్మి కట్టిన భవనాలు, మార్చిన ఏసీలు, కొన్న బస్సులు, కంప్యూటర్ల బాకీ దీంతో తీరుతుంది. బాండు డబ్బుతో టీచరుకు జీతం పెంచడానికి చట్టం ఒప్పుకోదు. కొత్త స్టేడియానికి డబ్బుంది గానీ టీచర్లకు లేదా అన్న నిష్ఠూరం ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తుంది. ఆవేదన అర్థం చేసుకోదగ్గదే అయినా, రెండు కుండల్లో ఉన్న నీళ్ళను ఒకటిగా లెక్కపెట్టడం వల్ల వచ్చిన నిష్ఠూరం అది.

2024 నవంబరు 5న, అధ్యక్ష ఎన్నిక జరిగిన రోజునే, ఫ్రిస్కో ఐఎస్‌డీ ఓటర్ల ముందు 4 ప్రతిపాదనలు పెట్టింది. మొదటిది నిర్వహణ పన్ను రేటు పెంపు. మిగతావి కలిపి సుమారు 108 కోట్ల డాలర్ల బాండ్లు, అందులో పాత భవనాల పునరుద్ధరణది పెద్ద వాటా. నాలుగూ ఓడిపోయాయి. ఓడిపోవడానికి కారణాలు అనేకం ఉండవచ్చు గానీ, బ్యాలెట్ కాగితం మీద ఒక్క వాక్యాన్ని గమనించక తప్పదు. 2019లో రాష్ట్ర శాసనసభ చేసిన చట్టం ప్రకారం, స్కూలు బాండు ప్రతిపాదన ఏదైనా సరే, దానిపైన 'ఇది ఆస్తి పన్ను పెంపు' అని పెద్ద అక్షరాల్లో ముద్రించాలి. పాత అప్పు తీరుతూ ఉండడం వల్ల రేటు పెరగదని డిస్ట్రిక్టు లెక్క చూపినా ఆ వాక్యం తప్పదు. పోలింగ్ గదిలో తొలిసారి బ్యాలెట్ చదివే ఓటరుకు కనిపించేది ఆ వాక్యమే. దాని వెనక ఉన్న లెక్క సెప్టెంబరు, అక్టోబరుల్లో డిస్ట్రిక్టు పెట్టిన సభల్లో చెప్పినది. ఆ సభలకు వెళ్ళిన వ్యక్తి అవునన్నా కాదన్నా తెలిసి అంటాడు. పౌరసత్వం వచ్చి తొలిసారి ఓటు వేస్తున్న తెలుగువారు అధ్యక్ష పదవికి ఎవరు మంచివారో నెలల తరబడి వాదించుకుని, అదే బ్యాలెట్ చివరన ఉన్న ఈ నాలుగు ప్రశ్నల దగ్గర మాత్రం తడుముకోవడం అరుదేమీ కాదు.

రాష్ట్రం ఇచ్చే వాటా గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఒక్కో విద్యార్థికి లెక్కగట్టే ప్రాథమిక మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయి, 2025లో 55 డాలర్లు పెరిగింది; ఆ ఏడాది శాసనసభ ఇచ్చిన సుమారు 850 కోట్ల డాలర్లలో పెద్ద భాగం టీచర్ల జీతాలకు విడిగా కేటాయించారు. ఆస్తి విలువ ఎక్కువగా ఉన్న డిస్ట్రిక్టుల నుంచి కొంత పన్నును రాష్ట్రం వెనక్కి తీసుకునే పద్ధతి 1993 నుంచీ ఉంది. ఇంటి విలువ పెరిగి పన్ను పెరిగినంత మాత్రాన ఆ డబ్బంతా పక్కనున్న బడికే చేరుతుందని అనుకోకూడదు.

ఈ ప్రాథమిక మొత్తాన్ని లెక్కించేది పేరు నమోదైన పిల్లల సంఖ్యతో కాదు, రోజూ హాజరైన పిల్లల సగటుతో. తెలుగు కుటుంబాలకు ఇది నేరుగా తగిలే విషయం. శీతాకాలం సెలవులు జనవరి మొదటి వారంతో ముగుస్తాయి. సంక్రాంతి 14నో 15నో వస్తుంది. వెళ్ళేది రెండు మూడేళ్ళకోసారి, తాతయ్యా నానమ్మా ఎదురుచూస్తుంటారు. పండుగ చూసుకుని వస్తామంటే పిల్లవాడికి తొమ్మిది పది రోజుల బడి పోతుంది. ఏడాదికి 170 రోజుల తరగతులనుకుంటే ప్రాథమిక లెక్కలోనే విద్యార్థికి రోజుకు 36 డాలర్ల పైచిలుకు. ఒక బడి నుంచి వందమంది పిల్లలు పదేసి రోజులు రాకపోతే అది 36 వేల డాలర్ల మాట. ఈ లెక్క చెప్పేది ఎవరినీ పండుగకు వెళ్ళవద్దనడానికి కాదు. జనవరిలో వచ్చే హాజరు ఈమెయిళ్ళు అంత పట్టుగా ఎందుకుంటాయో తెలియడానికి.

విద్యార్థికి సంబంధించిన నియమం కూడా గట్టిదే. తరగతి జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు లేనిదే ఆ కోర్సు క్రెడిట్ గానీ పై తరగతి గానీ ఇవ్వరు. అంతకు తగ్గితే ప్రిన్సిపాల్ ఆమోదించిన పనులు పూర్తిచేయడమో హాజరు కమిటీకి విన్నవించుకోవడమో తప్పదు. అనుమతి లేని గైర్హాజరీలు ఆరు నెలల్లో 10 గానీ అంతకు మించి గానీ ఉంటే తల్లిదండ్రుల మీద కేసు పెట్టే వీలు చట్టంలో ఉంది. విమానం ఎక్కేముందు ఫ్రంట్ ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పి, అక్కడి పద్ధతి ఏమిటో కనుక్కోవడం అందుకే అవసరం. దీర్ఘకాలం వెళ్ళే పిల్లల పేరు తీసివేసి, తిరిగి వచ్చాక మళ్ళీ నమోదు చేసుకోమనే డిస్ట్రిక్టులూ ఉన్నాయి. మరోవైపు, చట్టం తల్లిదండ్రులకు ఇచ్చిన వెసులుబాటును వాడుకునే వారూ తక్కువే. మతపరమైన పర్వదినానికి ముందుగా రాసి ఇస్తే ఆ సెలవును అనుమతించి తీరాలని టెక్సస్ విద్యా చట్టం చెబుతోంది. వెళ్ళడానికో రోజు, రావడానికో రోజు కూడా కలుపుకోవచ్చు, పోయిన పాఠాలను తరవాత పూర్తిచేస్తే ఆ రోజు గైర్హాజరీ కింద పడదు. వినాయక చవితి రోజు పిల్లకు జ్వరమని రాయాల్సిన అవసరం ఎవరికీ లేదు. చవితి అనే రాయవచ్చు.

బడిలో పేరు రాయించేటప్పుడు ఇచ్చే కాగితాల్లో ఒకదాని గురించి తెలుగువారి మధ్య తిరిగే సలహా మాత్రం పిల్లలకు నష్టం చేస్తోంది. ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు, బిడ్డ ఎక్కువగా ఏ భాషలో మాట్లాడుతుంది అన్న అర్థంలో అందులో ప్రశ్నలు ఉంటాయి. తెలుగు అని రాయవద్దు, రాస్తే ఈఎస్ఎల్‌లో (ఇంగ్లీషు రాని పిల్లలకు ఇంగ్లీషు నేర్పే తరగతిలో) వేస్తారు, పిల్ల వెనకబడుతుంది, ప్రతిభావంతుల కార్యక్రమానికి పనికిరాదంటారు అని ఎవరో చెబుతారు. తల్లి కలం పట్టుకుని ఒక్క క్షణం ఆగి, బిడ్డతో అంతసేపూ తెలుగులోనే మాట్లాడుతూ, ఇంగ్లీషు అని రాస్తుంది.

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో తెలిస్తే భయం తగ్గుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా సంతతి పిల్లలను ఏ సహాయమూ లేకుండా ఇంగ్లీషు తరగతుల్లో కూర్చోబెట్టడం వివక్షేనని 1974లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు తరవాత భాష అందని పిల్లలను గుర్తించి తోడ్పడడం డిస్ట్రిక్టుల బాధ్యత అయింది. టెక్సస్‌లో వేరే భాష రాస్తే నాలుగు వారాల్లోగా బిడ్డ ఇంగ్లీషును పరీక్షిస్తారు. చక్కగా వస్తే అక్కడితో సరి. రాకపోతే తల్లిదండ్రుల ప్రతినిధి కూడా ఉండే కమిటీ సహాయాన్ని సిఫారసు చేస్తుంది. ఆ సహాయం వద్దనే హక్కు తల్లిదండ్రులకు ఉంది, అయితే వద్దన్నా బిడ్డ ఇంగ్లీషు స్థాయి సరిపడా వచ్చిందని తేలేవరకు ప్రతి వసంతంలోనూ భాషా పరీక్ష రాయాల్సిందే. ఈ గుర్తింపు ప్రతిభావంతుల కార్యక్రమానికి అడ్డు కాదు.

అబద్ధం రాయడం వల్ల పోయేది ఏమిటన్నది ఇంకా ముఖ్యం. టెక్సస్‌లో నాలుగేళ్ళ పిల్లలకు ప్రభుత్వ బడిలో ఉచిత ప్రీకే (కిండర్‌గార్టెన్‌కు ముందు ఏడాది చదువు) అందరికీ లేదు. కొన్ని అర్హతలు ఉండాలి. తక్కువ ఆదాయం వాటిలో ఒకటి కాబట్టి, సాఫ్ట్‌వేర్ జీతం ఉన్న కుటుంబాలు తమకు ఇది వర్తించదని ఆ నోటీసును పక్కన పెట్టేస్తాయి. ఇంగ్లీషు మాట్లాడలేని, అర్థం చేసుకోలేని బిడ్డ అయితే ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హత ఉంటుందన్నది అదే నోటీసులో తరవాతి వరుస. ఇంట్లో నానమ్మ చేతుల మీద పెరిగి తెలుగు తప్ప రాని నాలుగేళ్ళ పిల్లకు ఆ తెలుగే ప్రవేశ పత్రం అవుతుంది. ప్రైవేటు డేకేర్‌కు నెలకు వెయ్యి డాలర్లు దాటి కడుతూ, అర్హత ఉన్న బడిని వదులుకున్న కుటుంబాలు ఫ్రిస్కో, అర్వింగ్ చుట్టుపక్కల తక్కువేమీ కావు. ప్రీకే, కిండర్‌గార్టెన్ నమోదు ప్రకటనలు వసంతంలో వస్తాయి. కిండర్‌గార్టెన్‌కు సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్ళు, ప్రీకేకు నాలుగేళ్ళు నిండాలి.

ఏడాది పొడవునా వచ్చే మిగతా కార్యక్రమాల్లో చాలావాటికి పేరే వివరణ. టీచరును కలిసే సాయంత్రం పిల్లల కోసం, ఆ తరవాత రెండు మూడు వారాలకు వచ్చే కరిక్యులమ్ నైట్ తల్లిదండ్రుల కోసం. రెండోదానికి పిల్లలను తీసుకువెళ్తే ఎవరికీ ఏమీ వినిపించదు. జనవరి, ఫిబ్రవరుల్లో హైస్కూలు కోర్సుల ఎంపిక జరుగుతుంది. యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం) 2026 ప్రవేశాల నుంచి తరగతి ర్యాంకులో మొదటి 5 శాతం వారికే నేరుగా సీటు ఇస్తోంది, అంతకుముందు అది 6 శాతం. అందువల్ల కోర్సుల ఎంపిక సమావేశానికి మన వాళ్ళు ఎవరూ చెప్పకుండానే వెళ్తారు.

అత్యవసర సందేశాల్లో వాడే మాటలు మాత్రం ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే అవి వచ్చే సమయంలో నేర్చుకునే తీరిక ఉండదు. ఇంగ్లీషులో 'సెక్యూర్' అంటే ప్రమాదం బయట ఎక్కడో ఉంది, బడి బయటి తలుపులు వేశారు, లోపల పాఠాలు మామూలుగా సాగుతున్నాయి అని. 'లాక్‌డౌన్' అంటే ముప్పు లోపలే ఉందన్న అనుమానం: గదులకు తాళాలు, దీపాలు ఆర్పడం, నిశ్శబ్దం. 'హోల్డ్' అంటే వరండాలో ఎవరికో ఒంట్లో బాగాలేకపోయినా సరే, పిల్లలు గదులు దాటవద్దని. మొదటి మాటకూ రెండో మాటకూ తేడా తెలియక, రెండు వీధుల అవతల పోలీసులు దొంగను వెంబడిస్తున్నందుకు తలుపులు వేసిన బడి ముందుకు వందల కార్లు వచ్చి చేరితే, పోలీసులకే దారి ఉండదు.

ఇంతవరకూ చెప్పినవి డిస్ట్రిక్టు నుంచి ఇంటికి వచ్చే కబుర్లు. ఇంటి నుంచి డిస్ట్రిక్టుకు వెళ్ళాల్సిన కబురు కూడా ఒకటుంది. బిడ్డకు మాటలు ఆలస్యమైనా, చదివింది నిలవకపోయినా, నలుగురిలో కూర్చోలేకపోయినా, తెలుగు ఇళ్ళలో ముందు వినిపించేది పెద్దయ్యాక సర్దుకుంటుందన్న మాట; తరవాత, టీచరుతో ఒకసారి మాట్లాడి చూద్దామన్న మాట. టీచరుతో నోటిమాటగా చెప్పినది ఏ గడువునూ మొదలుపెట్టదు. ప్రత్యేక విద్యకు అర్హత ఉందేమో పరీక్షించమని ప్రత్యేక విద్యా విభాగానికి గానీ డిస్ట్రిక్టు పాలనాధికారికి గానీ రాసి ఇస్తే, 15 బడి దినాల్లోగా డిస్ట్రిక్టు ఒప్పుకుని అంగీకార పత్రం పంపాలి, లేదా ఎందుకు ఒప్పుకోవడం లేదో రాతపూర్వకంగా చెప్పాలి. అంగీకారం మీద సంతకం పడ్డాక పరీక్షలు ముగించి నివేదిక ఇవ్వడానికి సాధారణంగా 45 బడి దినాలు. ఈ హక్కు 1975 నాటి కేంద్ర చట్టంతో వచ్చింది. ఏ భాష మాట్లాడే కుటుంబానికైనా, ఏ వీసా మీద ఉన్నవారికైనా ఒకటే. ఉత్తరం పెద్దదిగా ఉండనక్కరలేదు. బిడ్డ పేరు, తరగతి, ఇంట్లో గమనించినవి నాలుగు వాక్యాలు, పూర్తి పరీక్ష కోరుతున్నామన్న ఒక వాక్యం, కింద సంతకం, పైన తేదీ ఉంటే చాలు. అది డిస్ట్రిక్టుకు అందిన తేదీ నుంచే రోజులు లెక్కకు వస్తాయి.